రాయమల్లు చెప్పాల్సిన రెండు మాటలు

టీకొట్టు దగ్గర రాయమల్లు నోరు మూయించడం ఎవరి తరమూ కాదు. తెలంగాణ ఎప్పుడొస్తుందో, ఈసారి వానలు ఎందుకు మొహం చాటేశాయో, ఎదురింటి కోడలు ఎందుకు అలిగిందో, అన్నీ ఆయనకే తెలుసు. కానీ నాలుగు కుర్చీలు వరసగా వేసి, చేతిలో మైకు పెట్టి, రెండు మాటలు చెప్పమన్నారంటే మాత్రం ఆయన పని ఖతం. నాలుక అంగిట్లో అతుక్కుంటుంది. ఇది గిట్టనివాళ్లు పుట్టించిన మాట కాదు, ఆయనే చెప్పుకుని ఆయనే ముందుగా నవ్వే మాట.

"నాది నోరు గాదు తమ్మీ, టీకొట్టు రేడియో. ఆడ్నే మోగుతది, ఇంకోకాడ కరెంటుండది" అంటాడు.

గోదావరిఖనిలో రాయమల్లు ముప్పై మూడేళ్లు హాలర్ నడిపాడు. హాలర్ అంటే గని మొగదల మీద, రేకుల గదిలో ఉండే పెద్ద చక్రం. దానికి చుట్టుకున్న ఇనుప తాడు ఏటవాలు దారిలో గనిలోకి దిగుతుంది, ఆ తాడుకు బొగ్గు టబ్బులు తగిలిస్తారు. కింద ఏం జరుగుతుందో పైనున్నవాడికి కనిపించదు. కింది నుంచి తీగ లాగితే పై గదిలో గంట మోగుతుంది. ఒకటి కొడితే ఆపాలి. రెండు కొడితే కిందికి వదలాలి. మూడు కొడితే పైకి గుంజాలి. ఇంతే ఆయన చదువు, ఇంతే ఆయన ఉద్యోగం. ఎదురుగా గోడ, చేతిలో బ్రేకు, చెవిలో గంట. తిరిగి ఒక్క మాట చెప్పాల్సిన పని లేదు. అలాంటి చోట ముప్పై మూడేళ్లు కూర్చున్నవాడికి సభలో మాట్లాడటం ఎక్కడి నుంచి వస్తుంది చెప్పండి!

కింద ఆ గంట కొట్టేవాడు సదయ్య. రామగిరి దగ్గరివాడు, అనసూర్య పుట్టింటి ఊరివాడు. అనసూర్య రాయమల్లు భార్య. అందుకని సదయ్య ఆమెను అక్కా అని, ఈయనను బావా అని పిలుస్తాడు. ఇరవై ఏళ్లకు పైగా ఒకే షిఫ్టులో ఒకడు కొట్టడం, ఇంకొకడు ఆపడం.

వాళ్లిద్దరి గురించి సదయ్య చెప్పే కథ ఒకటుంది. అది వినని మనిషి కాలనీలో లేడు. ఎనభై మూడు వానకాలం, రెండో షిఫ్టు. టబ్బులు పైకి పోతుంటే ఒకటి పట్టాలు దిగింది. సదయ్య కాలు టబ్బుకూ గోడకూ మధ్య ఇరుక్కుంది. అందిన తీగను ఒక్కసారి లాగాడు. ఒక్క గంట. పైన హాలర్ టక్కున ఆగింది. ఇంకో రెండు గజాలు గుంజితే సదయ్య అనేవాడు లేడు.

"మా బావ చెయ్యి బంగారం" అని కథ ముగించి, ప్రతి ఏడూ వానకాలంలో ఆ రోజు వెతుక్కుని వచ్చి మరీ రాయమల్లు చేతిలో అరకిలో జిలేబీ పొట్లం పెడతాడు. రాయమల్లు ఆ పొట్లం ఇంటికి తెస్తాడు. అనసూర్య ముందు పెడతాడు. ఆమె ఒక్క ముక్క ముట్టదు.

"నాకు తీపి పడది. నువ్వే తిను" అంటుంది.

ఎందుకు పడదో ఆ ఇంట్లో ఇద్దరికే తెలుసు. ఆ రోజు హాలర్ ఆపింది రాయమల్లు కాదు. ఒళ్లు కాలిపోయే జ్వరంతో, తన తర్వాత ఎక్కాల్సిన రిలీవర్ రాక, వరసగా రెండో షిఫ్టు కూడా కూర్చున్నాడు. గంజి పట్టుకుని వచ్చిన అనసూర్య ఆయన వాలకం చూసి ఇంటికి పోలేదు. హాలర్ గదిలోకి బయటి మనుషులు రాకూడదు, తెలిస్తే ఆయన ఉద్యోగం పోతుంది. అయినా మూలన కూర్చుంది. ఈయన కళ్లు తెరిచే నిద్రపోతుంటే, గంట మోగినప్పుడల్లా భుజం కుదిపి "మూడు", "రెండు" అని చెప్పింది. ఒక్క గంట మోగినప్పుడు కుదిపినా ఈయనలో చలనం లేదు. అప్పుడు ఆమే లేచి, బ్రేకు మీదున్న ఆయన చేతి మీద తన రెండు చేతులూ వేసి, బరువంతా మోపి అదిమిపట్టింది. ఆ సాయంత్రం సదయ్య కుంటుకుంటూ పైకొచ్చి రాయమల్లును కౌగిలించుకుని ఏడ్చాడు. గది వెనక నుంచి అప్పటికే ఇంటిదారి పట్టిన మనిషిని ఎవరూ చూడలేదు.

"ఎవలకు చెప్పకే, నౌకరి పోతది" అన్నాడు రాయమల్లు. ఆమె చెప్పలేదు. అక్కడితో అయిపోతే బాగుండేది. కానీ మన పెద్దమనిషి మెచ్చుకోళ్లు కూడా పుచ్చుకున్నాడు, జిలేబీ కూడా తిన్నాడు. మొదటి ఏడు సిగ్గుపడుతూ తిన్నాడు. మూడో ఏటికి అలవాటైంది.

రెండువేల పది జనవరి ఆఖరు రోజున రాయమల్లు దిగిపోయాడు. గనుల్లో రిటైరవడాన్ని దిగిపోవడం అంటారు. గని ఆఫీసు ముందు షామియానా వేశారు. భార్యాభర్తలను పక్కపక్కన కూర్చోబెట్టి దండలు వేశారు, శాలువా కప్పారు, గోడ గడియారం ఇచ్చారు. అనసూర్య కొత్త చీర కట్టుకుని, చెల్లెళ్లను కూడా వెంటబెట్టుకుని వచ్చింది. సదయ్య మైకు పట్టుకుని ఎనభై మూడు కథ చెప్పాడు. జనం చప్పట్లు కొట్టారు. తర్వాత మైకు రాయమల్లు చేతికొచ్చింది.

"మీ ఇంటావిడ గురించి రెండు మాటలు చెప్పండి" అన్నారెవరో.

ఈ రోజు చెప్పేయాలని ఇంటి నుంచి అనుకునే వచ్చాడు. దిగిపోయినవాడిని ఎవరు తీసేస్తారు? ఆమె కూడా తల కొంచెం ఎత్తి ఆయన వైపు చూసింది. రాయమల్లు లేచాడు. ముందు వరసలో మేనేజరు, వెనక రెండొందల మొహాలు. రెండొందల మొహాలు ఒక్కసారి తనను చూడటం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. గొంతు సవరించుకున్నాడు. ఇంకోసారి సవరించుకున్నాడు.

"ఇగ కూసుంట" అన్నాడు. కూర్చున్నాడు.

ఆటోలో ఇంటికి వస్తున్నంతసేపూ అనసూర్య గోడ గడియారం ఒళ్లో పెట్టుకుని రోడ్డు వైపే చూసింది. ఇంటికొచ్చాక ఒక్కటే మాట అంది. "ఇన్నేండ్లు నౌకరి పోతదని భయం. ఇప్పుడేం పోతదని?"

రాయమల్లు మేకు వెతికి గడియారాన్ని గోడకు తగిలించాడు.

దిగిపోయాక ఇంట్లో కూర్చున్న రాయమల్లు ఇంటికి తెగులులా తయారయ్యాడు. పప్పులో నీళ్లు ఎక్కువయ్యాయంటాడు. చీపురు తప్పుగా పట్టుకున్నావంటాడు. అనసూర్య ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. గంటె తీసుకుని స్టీలు పళ్లేనికి ఒక్కసారి ఠంగుమని కొట్టేది. అంతే, మాట మధ్యలో ఉన్నా ఆయన నోరు మూతపడేది. ముప్పై మూడేళ్ల అలవాటు మరి, చెవికి ఒకటి వినబడితే ఒళ్లు దానంతటదే ఆగిపోతుంది. అన్నం వడ్డించాక మూడు కొట్టేది. ఎక్కడున్నా లేచొచ్చేవాడు. ఎనభై మూడులో ఆ ఒక్క షిఫ్టులో నేర్చుకున్న చదువు ఆమెకు ఇలా పనికొచ్చింది.

నాలుగు నెలలు చూసి చెప్పింది. "పొద్దుగాల పదింటికి బయిటికి వోవాలె, నాలుగింటికి రావాలె. ఎక్కడికైనా పో, నన్నడుగకు."

ఎక్కడికి పోవాలో సదయ్య చూపించాడు. కాలనీ పాత క్లబ్బు హాలులో పెద్దల చదువు కేంద్రం అని ఒకటి కొత్తగా పెట్టారు. కాలనీ జనం దాన్ని ముసలోళ్ల బడి అంటారు. నడిపేది సువార్తమ్మ టీచర్. ముప్పై ఏళ్లు పిల్లలకు తెలుగు చెప్పి, దిగిపోయాక ఊరుకోలేక, ఇప్పుడు పిల్లల తాతల వెంట పడింది. సోమవారం సెల్‌ఫోన్, మంగళవారం యోగా, మధ్యలో భజన, చేతిపనులు, సాయంత్రాలు క్యారమ్స్, నెలకోసారి గోదావరి ఒడ్డున వంటలు. సదయ్య అక్కడ క్యారమ్స్ చాంపియన్.

రాయమల్లు అన్నిట్లో చేరాడు. అన్నిట్లో బోల్తా పడ్డాడు. సెల్‌ఫోన్ క్లాసులో ఇంటికి ఫోన్ చేయమన్నారు. నంబరు సరిగ్గానే నొక్కాడు. అనసూర్య ఎత్తింది. చుట్టూ పన్నెండు మంది తననే చూస్తుంటే హలో అనడానికి నోరు రాలేదు, పెట్టేశాడు. టీచర్ మళ్లీ చేయమంది. మళ్లీ అదే. మూడుసార్లయ్యాక ఆపేశాడు. ఇంటికి పోతే అనసూర్య తిడుతోంది.

"ఎవడో పనిలేని సన్నాసి ఫోన్ చేస్తున్నడు. ఎత్తితే ఊపిరి పీలుస్తడు, మాట్లాడడు."

"గసుంటోళ్లను ఊకె ఇడువద్దు" అని రాయమల్లు గట్టిగా ఖండించాడు.

చేతిపనుల క్లాసులో ఆయన చేసిన కాగితం గులాబీని చూసి టీచర్ క్యాబేజీ చక్కగా వచ్చిందని మెచ్చుకుంది. యోగాలో ఒక్క శవాసనం మాత్రం అందరికంటే బాగా వచ్చింది. గురకతో సహా వచ్చింది.

శుక్రవారం మాటల క్లాసు. ఒక డబ్బాలో చీటీలు, తీసిన చీటీలో ఏముంటే దాని మీద మూడు నిమిషాలు మాట్లాడాలి. ఆ రోజు మాత్రం రాయమల్లు కడుపునొప్పి అనేవాడు. మూడు శుక్రవారాలు చూసి నాలుగో శుక్రవారం సువార్తమ్మ టీచర్ వాము నీళ్లు తెచ్చి తాగించి నిలబెట్టింది. చీటీలో ఉల్లిగడ్డ వచ్చింది.

"ఉల్లిగడ్డ..." అన్నాడు రాయమల్లు. అందరూ చూశారు. ఉల్లిగడ్డ కోయకుండానే కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఇగ కూసుంట" అన్నాడు.

క్లాసయ్యాక టీచర్ ఆపింది. "రాయమల్లన్నా, టీకొట్టు కాడ మైకు లేకుండనే బజారంత వినవడుతది నీ గొంతు. ఇక్కడ ఏమైతుంది?"

ఆయన తల గోక్కున్నాడు. సదయ్య దూరంగా క్యారమ్స్ ఆడుతున్నాడని చూసుకుని, గొంతు తగ్గించి, ఆమెకు ఎనభై మూడు సంగతి అసలు రూపంలో చెప్పాడు. తను, అనసూర్య కాక ఆ నిజం తెలిసిన మూడో మనిషి ఆమే.

"చెప్పాలె టీచరమ్మా. నలుగుట్ల చెప్పాలె. ఇంట్ల ఆమెకు చెప్తే ఏమొస్తది, ఆమెకెరుకే గదా. ఆమె చెల్లెండ్ల ముందట, సదయ్య ముందట, అందరి ముందట చెప్పాలె. లేకుంటే నేను సచ్చినా ఆమె నా మొకం సక్కగ సూడది. నేర్పుతవా?"

సువార్తమ్మ టీచర్ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "నేర్పుత. కడుపునొప్పి మాత్రం బందు పెట్టు" అంది.

రెండే కిటుకులు చెప్పింది. అందరినీ చూడొద్దు, ఒక్క మొహం చూడు, ఆ మొహంతోనే మాట్లాడు. రెండోది, ముందు నవ్వించు, జనం నవ్వితే నీకు భయం పోతుంది, అప్పుడు అసలు మాట చెప్పు.

అక్కడి నుంచి ఏడాదిన్నర. ఉల్లిగడ్డ మీద అర నిమిషం మాట్లాడటానికి నాలుగు నెలలు పట్టింది. సభలో మాటలు వచ్చేది ముందా, తెలంగాణ వచ్చేది ముందా అని క్లాసులో పందేలు కాశారు. రాయమల్లు కూడా తెలంగాణ మీదే కాశాడు. తెలంగాణ కోసం సమ్మె చేసిన రోజుల్లో కేంద్రం నెలకు పైగా మూతపడితే, ఇంట్లో గోడ గడియారానికి ఎదురుగా నిలబడి సాధన చేశాడు. గోడ ముందు మాటలు బ్రహ్మాండంగా వచ్చేవి. ముప్పై మూడేళ్ల పరిచయం కదా గోడతో! వంటింట్లోంచి గంటె ఒక్కసారి మోగేది. సాధన అక్కడితో సరి.

రెండువేల పన్నెండు ఫిబ్రవరిలో కేంద్రం వార్షికోత్సవం పెట్టారు. మాటల పోటీ, ఐదు నిమిషాలు, విషయం 'నా జీవితంలో మరువలేని మనిషి'. ఇంటివాళ్లు అందరూ రావాలి. రాయమల్లు పేరు ఇచ్చేశాడు. ఇచ్చి, వెనక్కి తీసుకుందామని రెండుసార్లు టీచర్ ఇంటి దాకా పోయి, రెండుసార్లూ చాయ్ తాగి వచ్చేశాడు.

"నువ్వు రావాలె. నీ చెల్లెండ్లను గూడ తేవాలె" అన్నాడు అనసూర్యతో.

"ఎందుకు? నువ్వు ఇంకోసారి కూసుండుడు సూడనీకా?"

"జర రారాదే."

ఆమె కడిగిన పళ్లెం బోర్లించింది. "ఇదే ఆఖరుసారి" అంది.

ఆ రోజు రానే వచ్చింది. హాలు నిండిపోయింది. నిమిషాలు చూసే పని సదయ్యకు అప్పగించారు. ఊరికే చేతి గడియారం చూసి చెబితే సదయ్య ఎందుకవుతాడు? మూతపడ్డ గని సామాను కొన్నవాళ్ల దగ్గర అడిగి, పాత హాలర్ గంట ఒకటి తెచ్చి, బల్ల పక్కన స్టాండుకు వేలాడదీశాడు. చేతిలో ఇనుప కడ్డీ. సువార్తమ్మ టీచర్ నియమం చెప్పింది. నాలుగో నిమిషానికి ఒక్కసారి కొడతారు, ఇంకో నిమిషం ఉందని గుర్తు. ఐదుకు రెండుసార్లు కొడతారు, దిగిపోవాలి.

ఇదంతా చెప్పేటప్పుడు రాయమల్లు హాలులో లేడు. హాలు వెనక మరుగుదొడ్డిలో ఉన్నాడు. పొద్దున్నుంచి అది మూడోసారి. తనకు ముందు మాట్లాడినవాళ్లకు గంట కొట్టిన చప్పుడు కూడా ఆయనకు వినబడలేదు, అక్కడ నల్లా అంత జోరుగా పారుతోంది.

పేరు పిలిచారు. ఎక్కాడు. మైకు పట్టుకున్నాడు. మొహాలన్నీ ఒక్కసారి మీదికొచ్చాయి. ఒక్క మొహం, ఒక్క మొహం అనుకుంటూ వెతికాడు. మూడో వరసలో, ఫ్యాను కింద, కొంగు భుజం చుట్టూ కప్పుకుని అనసూర్య. దిగిపోయిన రోజు కట్టిన చీరే. పక్కన చెల్లెళ్లు.

"నా జీవితంల మరువలేని మనిషి మా ఇంటామె" అన్నాడు. గొంతు వచ్చింది! ఆయనే అదిరిపోయాడు. "మరుద్దామన్నా మరువనియ్యది. అద్దుమరాత్రి బీడి ముట్టిస్తే పక్కింటోనికి వాసన రాకముందే ఈమెకు వస్తది."

హాలు నవ్వింది. ఆ నవ్వు రాయమల్లు నెత్తికెక్కింది. అరవై రెండేళ్లలో జనం తను చెప్పింది విని నవ్వడం ఇదే మొదలు. (తనను చూసి నవ్వడం వేరు, అది రోజూ ఉన్నదే.) ఇంకొకటి వదిలాడు. సెల్‌ఫోన్ క్లాసులో ఊపిరి పీల్చిన సన్నాసి ఎవరో బయటపెట్టాడు. హాలు గొల్లుమంది. అనసూర్య చెల్లెళ్లు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. పప్పులో నీళ్ల సంగతి చెప్పాడు, చీపురు సంగతి చెప్పాడు. అసలు మాటకు రావాలని ఎక్కడో గుర్తుంది, కానీ నవ్వు రుచి తగిలాక మానడం ఎలా?

"మా ఇంట్ల హాలర్ డ్రైవర్ ఎవలనుకున్నరు? నేను గాదు. గంటె పట్టుకొని పళ్లెంకు ఒకటి కొట్టిందనుకో, నోరు బందు. మూడు కొట్టిందనుకో, లేశి తినవోవాలె. నేను టబ్బును, ఆమె కంపెనీ."

అందరూ నవ్వారు, ఒక్క అనసూర్య తప్ప. ఆమె మొహం రాయమల్లు కళ్లబడింది. దిగిపోయిన రోజు ఆటోలో రోడ్డు వైపు తిరిగిన మొహం అది. ఆయనకు నవ్వంతా దిగిపోయింది. ఇక చాలు, చెప్పేయాలి.

"ఇగ అసలు ముచ్చటేందంటే..."

ఠంగ్!

సదయ్య కొట్టాడు. ఒక్క గంట. అదే గంట, అదే చెయ్యి.

రాయమల్లు ఆగిపోయాడు. ఆయన ఆగలేదు, ఆయన ఒళ్లు ఆగింది. కుడిచెయ్యి దానంతటదే పక్కకు పోయి, లేని బ్రేకును పట్టుకుని కిందికి నొక్కింది. హాలు పడీపడీ నవ్వింది, ఇది కూడా వేషంలో భాగమనుకుని. నవ్వు సద్దుమణిగింది. రాయమల్లు అలాగే ఉన్నాడు. బుర్రలో రాసిపెట్టుకున్న మాటలన్నీ ఎటో పోయాయి. ఉల్లిగడ్డ కూడా లేదు.

"బావా, చెప్పు, ఇంకో నిమిషమున్నది" అన్నాడు సదయ్య కంగారుగా.

హాలు మొత్తం చూస్తోంది. గొంతులో ఆ దరిద్రపు మాట ఒక్కటే మిగిలి, నాలుక చివరి దాకా వచ్చేసింది. "ఇగ..." అన్నాడు.

మూడో వరసలో అనసూర్య లేచింది.

పోతోంది, అనుకున్నాడు రాయమల్లు. ఇదే ఆఖరుసారి అని చెప్పే వచ్చింది కదా. ముందు భార్యను నవ్వులపాలు చేసి, మంచి మాట దగ్గరికొచ్చేసరికి బ్రేకు తొక్కిన మొగుడి దగ్గర ఏ ఆడది కూర్చుంటుంది? ఏడుపొచ్చింది ఆయనకు. నిజంగానే వచ్చింది.

కానీ ఆమె తలుపు వైపు పోలేదు. కొంగు నడుముకు దోపుకుని బల్ల దగ్గరికి వచ్చింది. సదయ్య చేతిలోని కడ్డీ లాక్కుంది. భర్త కళ్లలోకి సూటిగా చూస్తూ గంటను కొట్టింది. ఒకటి. రెండు. మూడు.

ముందు వరసలో కూర్చున్న పాత గని మనుషులు ఏడెనిమిది మంది ఒక్కసారిగా కాళ్లు వెనక్కి లాక్కున్నారు, తాడు కదులుతుందని. రాయమల్లు చెయ్యి బ్రేకు వదిలింది. ఛాతీలోకి గాలి వచ్చింది. ఆమె మొహం ఒక్కటే కనబడుతోంది, అంత దగ్గరగా.

"ఎనభై మూడు వానకాలం" అన్నాడు. "సదయ్య మీకందరికి చెప్పే కత నిజమే. ఒక్క గంట కొట్టింది నిజం. హాలర్ ఆగింది నిజం. ఆపింది నేను గాదు. నాకు ఒళ్లెరుకలేని జరం. ఈమె గంజి వట్టుకొచ్చి, నన్ను సూశి, ఇంటికి వోలే. నా షిఫ్టు ఈమె చేసింది. ఆ గంట ఈమె ఇన్నది. బ్రేకు ఈమె ఒత్తింది. ఈ రెండు చేతులతోని. నౌకరి పోతదని నోరు ముయ్యమన్న. మూసుకున్నది. నేను మాత్రం ముయ్యలే. బంగారం చెయ్యి అంటే అవునన్న. ముప్పై ఏండ్లు సదయ్య పెట్టిన జిలేబీ సిగ్గులేకుంట తిన్న. ఆపాల్సిననాడు ఆపలే, ఇయ్యాల ఆగద్దన్నకాడ ఆగిన. గిసుంటోన్ని నేను. ఇంట్ల ముప్పై ఏండ్లు గిసుంటోనికి బువ్వ పెట్టింది గామె. గామె పేరు అనసూర్య."

ఇంకేమైనా ఉందా అని వెతుక్కున్నాడు. ఏమీ లేదు.

"ఇగ కూసుంట" అన్నాడు.

ఐదు నిమిషాలు ఎప్పుడో దాటిపోయాయి. రెండుసార్లు గంట కొట్టాల్సిన సదయ్య కొట్టలేదు. కడ్డీ తిరిగి ఇమ్మని కూడా అడగలేదు. కుర్చీలో కూర్చుని, ఎనభై మూడులో ఇరుక్కున్న కాలి మీద చెయ్యి పెట్టుకుని, అనసూర్యను కొత్త మనిషిని చూసినట్టు చూస్తున్నాడు. చెల్లెళ్లిద్దరూ ఏడుస్తున్నారు. అనసూర్య ఏడవలేదు. కడ్డీ బల్ల మీద పెట్టి, పోయి తన కుర్చీలో కూర్చుంది. కూర్చునే ముందు తల ఎత్తి హాలంతా ఒకసారి చూసింది.

బహుమతి ఎవరికో వచ్చింది. రాయమల్లుకు సమయం మించినందుకు మార్కులు తీసేశారు. పాల్గొన్న అందరికీ ఇచ్చే స్టీలు డబ్బా ఇచ్చారు. దాని మూత ఇప్పటికీ సరిగ్గా పట్టదు. తెలంగాణ మాత్రం ఇంకో రెండేళ్లకు గాని రాలేదు, కాబట్టి పందెం ఓడిపోయినవాళ్లలో రాయమల్లు కూడా ఉన్నాడు.

మరునాడు పొద్దున్నే సదయ్య వచ్చాడు. వానకాలం కాదు, ఆ రోజూ కాదు. చేతిలో జిలేబీ పొట్లం. ఎప్పటి అలవాటు కొద్దీ రాయమల్లు గుమ్మంలోనే చెయ్యి చాపాడు. సదయ్య ఆ చేతిని పక్కకు తోసి లోపలికి పోయాడు. అనసూర్య ముందు నిలబడ్డాడు. దారిపొడుగునా ఏం చెప్పాలో అనుకుంటూ వచ్చినట్టున్నాడు, ఒక్కటీ రాలేదు.

"అక్కా" అన్నాడు. "ఇన్నేండ్లు తప్పు చేతుల పెట్టిన."

రెండు చేతులతో పొట్లం ఆమె చేతుల్లో పెట్టి, చాయ్ అయినా తాగకుండా, కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయాడు.

అనసూర్య పీట వాల్చుకుని కూర్చుంది. పొట్లం విప్పి పళ్లెంలో పెట్టుకుంది. ఒక జిలేబీ తీసుకుని, తొందర లేకుండా, ముక్క ముక్కా తుంచుకుని తింది. రెండోది తీసుకుంది. పాకం వేళ్ల మీదికి కారితే అదీ నాకింది. రాయమల్లు గోడకు ఆనుకుని చూస్తూ నిలబడ్డాడు. ఆయనకు ఎంతో తృప్తిగా ఉంది. ఆ తృప్తిలో ఊరుకోవచ్చు కదా! సభ గెలిచిన నోరాయె, ఎలా ఊరుకుంటుంది?

"నీకు తీపి పడదంటివి గదనే?" అన్నాడు.

అనసూర్య మూడో జిలేబీ అందుకుంటూ, ఎడమచేత్తో గంటె తీసి పళ్లేనికి ఒక్కసారి కొట్టింది.